అడ్డమని తీసేసిన ముక్క

హైదరాబాద్ పొలిమేరల్లో సోఫాలు, మంచాలు, దర్వాజాలు చేసే పాత షెడ్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. మాడ్యులర్ కిచెన్లు ఫ్యాక్టరీలోనే తయారై అట్టపెట్టెల్లో దిగుతున్నాయి. టేకు దుంగని చీల్చి, చిత్రిక పట్టి, అతుకు పెట్టి మంచం చేసే ఓపిక అటు చేసేవాళ్ళకీ ఇటు చేయించుకునేవాళ్ళకీ తగ్గిపోయింది. దాంతో ఆ షెడ్లలోని బీడు రంపం మిషన్లు తూకానికి పోతున్నాయి. ఇంట్లో సరదాకి చెక్కపని చేసుకునే నాలాంటివాళ్ళకి మాత్రం ఇదే అదను. పాత ఇనుము ధర మీద నాలుగు డబ్బులు ఎక్కువ ఇస్తే మన పిల్లల కాలం దాకా నిలిచే యంత్రం చేతికొస్తుంది. నేనూ అలాగే ఒకటి కొన్నాను.

ఇంగ్లీషులో టేబుల్ సా అంటారు గానీ మేస్త్రీలకి అది రంపం మిషనే. నాలుగు కాళ్ళ బీడు స్టాండు, దాని మీద పలక, పలక మధ్య సందులోంచి పైకి వచ్చే పళ్ళచక్రం, కింద మోటారు, ఆ రెంటినీ కలిపే బెల్టు. అంతకు మించి అందులో దాచిపెట్టిన విద్య ఏమీ లేదు. మన దగ్గర కనిపించేవాటిలో చాలా మటుకు పంజాబ్‌లోని బటాలా, జలంధర్ వైపు పోతపోసినవో, గుజరాత్ నుంచి వచ్చినవో అయి ఉంటాయి. రంగు ఊడి, పొట్టు పేరుకుపోయి, చూడ్డానికి దిక్కుమాలినట్టు ఉంటాయి. ఆ అవతారం చూసి వెనక్కి తగ్గక్కర్లేదు, కొత్త రంగు వేసి ఉంది కదా అని మురిసిపోనూ అక్కర్లేదు.

కొనేముందు చూడాల్సినవి మూడే. మొదటిది పలక. నిటారైన స్టీలు బద్దని పలక మీద ఈ మూల నుంచి ఆ మూలకి నిలబెట్టి, కింద ఎక్కడైనా వెలుతురు కనిపిస్తోందేమో చూడాలి. కాగితం దూరేంత సందుంటే పరవాలేదు, పోస్టుకార్డులు రెండు మూడు దూరితే ఆ పలక వంగినట్టే. వంగిన బీడుని ఇంట్లో సరిచేయలేం. రెండోది షాఫ్టు. బెల్టు తీసేసి చేత్తో పట్టుకుని కిందికీ మీదికీ కదపాలి. బేరింగు అరిగితే కొత్తది వేసుకోవచ్చు, షాఫ్టే వంగితే లేతు పట్టించాలి. బ్లేడుని ఆనించుకునే బిళ్ళ దగ్గర వెంట్రుకవాసి ఊగితే పది అంగుళాల బ్లేడు అంచుకి వచ్చేసరికి ఆ ఊపు మూడింతలు దాటుతుంది. మూడోది పగుళ్ళు. చిన్న సుత్తితో స్టాండుని నాలుగు చోట్ల కొడితే బాగున్న బీడు ఖణేల్మంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. ఈ మూడూ దిట్టంగా ఉంటే బెల్టు, స్విచ్చి, మోటారు, బేరింగులు ఎంత పాడైనా దిగులు లేదు. అవన్నీ బజార్లో దొరుకుతాయి. పైగా అవి పాడైనకొద్దీ బేరం మన చేతికొస్తుంది.

నేను బేరమాడిన షెడ్డులో మిషన్ చుట్టూ తిరిగి అన్నీ చూశాక, “గార్డు ఏదన్నా?” అని అడిగాను. “గదా సార్? అడ్డమొస్తదని కొన్న నాడే తీసేసినం” అన్నాడు ఓనరు. బ్లేడు వెనక ఉండాల్సిన కత్తి సంగతి అడిగితే అసలు అలాంటిది ఒకటి ఉంటుందని ఆయన వినలేదు. తప్పు ఆయనది కాదు. నేను చూసిన పాత మిషన్లలో దాదాపు దేనికీ అది లేదు.

ఇంటికి తెచ్చాక మొదటి పని విప్పడం. విప్పేటప్పుడు అడుగడుగునా ఫోన్లో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు వాషర్లు మిగిలిపోవు. బేరింగు మీద నంబరు చెక్కి ఉంటుంది, మసి తుడిస్తే కనిపిస్తుంది. నా మిషన్‌కి 6205 ఉంది. చివరి రెండంకెల్ని ఐదుతో గుణిస్తే లోపలి రంధ్రం వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది, అంటే 25. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగుల కొట్టుకెళ్ళి ఆ నంబరు చెబితే చాలు, ఏ మిషన్‌కి అని కూడా అడగరు. రెండు పక్కలా రబ్బరు మూత ఉన్న రకం తీసుకోవాలి. రంపపు పొట్టు గ్రీజుతో కలిస్తే బేరింగుని నూరేస్తుంది.

తుప్పు వదిలించడం ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన భాగం. పలక మీద కిరోసిన్ పోసి కాసేపు నానబెట్టి, చెక్క దిమ్మకి 180 నంబరు ఎమరీ చుట్టి, పొడుగు వైపు ఒకే దిక్కుగా రుద్దాలి. ముందు ఎర్రటి బురద లేస్తుంది. దాన్ని గుడ్డతో తుడిస్తే కింద గోధుమరంగు మచ్చలు, ఇంకోసారి రుద్దితే బూడిదరంగు. ఆపైన 320తో రుద్దుతూ పోతే, పోతపోశాక ఫ్యాక్టరీలో మిషన్ పట్టిన సన్నటి గీతలు మళ్ళీ బయటపడతాయి. అక్కడితో ఆపేయాలి. తుప్పు తిన్న చిన్నచిన్న గుంటలు ఉంటే ఉండనివ్వండి, చెక్క వాటి మీంచి జారిపోతుంది. తొందరపడి గ్రైండర్ పెడితే మాత్రం పలక అక్కడక్కడా లోతుపడి, చూసి కొన్న చదును చేతులారా పాడవుతుంది. తుప్పు పోయిన బీడుని దోసె పెనంలాగే ఊరికే వదిలేయకూడదు. కాకపోతే పెనానికి నూనె రాస్తాం, దీనికి మైనం. నూనె చెక్కకి మరకలు చేస్తుంది. కారు పాలిష్‌లలో సిలికాన్ ఉంటే తరవాత వేసే వార్నిష్ పట్టదు. మామూలు కొవ్వొత్తి మైనం రుద్ది గుడ్డతో మెరిపిస్తే వానాకాలం గడిచిపోతుంది.

మోటారు దగ్గర పట్నం ఇళ్ళకి ఒక చిక్కుంది. షెడ్లలో త్రీ ఫేజ్ కరెంటు, మన ఇళ్ళలో ఎక్కువగా సింగిల్ ఫేజ్. మధ్యలో సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చే వి.ఎఫ్.డి. పెట్టి పాత మోటారునే నడపొచ్చు, లేదా మోటారు మార్చుకోవచ్చు. నేను రెండు హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు వేశాను. దానికి విడిగా వైరు లాగి, ఎర్తింగ్ సరిచూపించి, వేరే ఎం.సి.బి. పెట్టించాను. మోటారు నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. దానికి ఆరు అంగుళాల పుల్లీ, షాఫ్టుకి రెండున్నర అంగుళాలది. లెక్క కడితే బ్లేడు సుమారు 3450 చుట్లు తిరుగుతుంది. పది అంగుళాల బ్లేడు ఆ లెక్కన తిరిగితే పంటి కొస వేగం గంటకి 165 కిలోమీటర్లు. పుల్లీ మార్చే ముందు బ్లేడు మీద రాసి ఉన్న గరిష్ఠ వేగాన్ని ఒకసారి చదువుకోవాలి.

స్విచ్చి విషయంలో పిసినారితనం కూడదు. మామూలు స్విచ్చి ఉన్న మిషన్ నడుస్తుండగా కరెంటు పోయిందనుకోండి. మనం బ్లేడు మీది ముక్క తీయబోతాం, ఈలోగా కరెంటు వస్తుంది, మిషన్ తనంతట తనే తిరగడం మొదలెడుతుంది. పంపుసెట్లకి పెట్టే పచ్చబటను, ఎర్రబటను స్టార్టర్ అయితే కరెంటు పోగానే లోపలి కాయిల్ వదిలేస్తుంది. మళ్ళీ పచ్చబటను నొక్కితే తప్ప మోటారు కదలదు. కరెంటు కోతలు ఎరిగిన ఊళ్ళలో ఇది లేకుండా రంపం నడపకూడదు.

ఇక గురి కుదర్చడం. ప్లగ్గు పీకేసి, బ్లేడు మీద ఒక పంటికి చాక్‌పీస్‌తో గుర్తుపెట్టాలి. ఆ పన్నుని ముందుకి తెచ్చి, పలక మీది గాడి నుంచి దూరం కొలవాలి. అదే పన్నుని వెనక్కి తిప్పి మళ్ళీ కొలవాలి. ఒకే పన్ను ఎందుకంటే బ్లేడు కాస్త వంకరగా ఉన్నా ఆ వంకర రెండు చోట్లా ఒకేలా ఉంటుంది, కొలతలో కలవదు. రెండు దూరాలూ సమానమయ్యేదాకా పలక బోల్టులు వదులు చేసి తట్టుతూ పోవాలి. తరవాత చెక్కని ఆనించి తోసే గైడుని ఆ గాడికి సమాంతరంగా బిగించాలి. గైడు వెనక కొస బ్లేడు వైపు ఒరిగితే చెక్క ఆ రెంటి మధ్యా ఇరుక్కుంటుంది. చివరికి మూలమట్టం ఆనించి బ్లేడు నిలువు చూసుకుంటే పని అయినట్టే. మొదటి టేకు బద్ద చీలి వచ్చినప్పుడు దాని అంచు మీద వేలు రాస్తే చిత్రిక పట్టినంత నున్నగా తగిలింది. ఆనందంగానే ఉంటుంది మరి.

అయినా ఆ మిషన్‌ని నేను వెంటనే పనిలో పెట్టలేదు, ఆ లేని కత్తి కోసం. చక్రం ముందువైపు పళ్ళు చెక్కని పలకకేసి అదుముతాయి. వెనకవైపు పళ్ళు పైకి లేస్తూ ఉంటాయి. చెక్కలో దాగిన బిగువు వల్ల కోసిన సందు వెనక మూసుకుంటే చాలు, ఆ పైకి లేచే పళ్ళు చెక్కని ఎత్తి పట్టుకుని మన మీదికి విసురుతాయి. ఇంతకుముందు చెప్పిన 165 కిలోమీటర్ల వేగం అప్పుడు దెబ్బలో తెలుస్తుంది. చెక్క ఎగిరిపోయిన క్షణంలో దాన్ని తోస్తున్న చెయ్యి బ్లేడు మీద పడుతుంది. దీనికి విరుగుడు బ్లేడు వెనక నిలబెట్టే ఒక పలచటి ఉక్కు రేకు. ఇంగ్లీషులో రైవింగ్ నైఫ్ అంటారు. కోసిన సందులో అది దూరి రెండు ముక్కల్ని కలవనివ్వదు.

మన పాత మిషన్లలో దీన్ని అమర్చడం తేలికే. వీటిలో షాఫ్టు స్టాండుకి బిగించి ఉంటుంది, పలకే పైకీ కిందికీ జరుగుతుంది. కాబట్టి కత్తిని స్టాండుకే బోల్టు వేసి బిగిస్తే, కోత లోతు ఎంత మార్చినా బ్లేడుకీ దానికీ మధ్య ఎడం మారదు. నా బ్లేడు కోత వెడల్పు 3 మిల్లీమీటర్లు, బ్లేడు రేకు మందం 2. కత్తి ఆ రెంటికీ మధ్య ఉండాలి గనక 2.5 మిల్లీమీటర్ల ఉక్కు రేకుని బ్లేడు వంపుకి తగ్గట్టు బాలానగర్‌లో కోయించాను. బ్లేడుకి 3 నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో నిలవాలి. నాది ఐదు దగ్గర నిలిచింది. దాని మీదే పారదర్శకమైన పాలికార్బొనేట్ గార్డు బిగించాను. మిషన్ మీద నేను పెట్టిన ఖర్చులో ఇది చాలా చిన్న పద్దు.

ఇది కొత్తగా పుట్టిన జాగ్రత్త కాదు. కదిలే యంత్రభాగాలకి కంచె ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ చెప్పింది. అయితే కరెంటుతో నడిచే చోట పదిమందైనా పనిచేస్తేనే ఆ చట్టం దాన్ని ఫ్యాక్టరీగా లెక్కపెట్టింది. ముగ్గురు నలుగురు పనిచేసే షెడ్డు ఆ లెక్కలోకి రాలేదు. ఇళ్ళలో జరిగే పనికి అడిగేవాడే లేడు. అమెరికాలో ఈ రంపాల వల్ల ఏటా సుమారు 30 వేల మంది చేతులు కోసుకుని ఆసుపత్రికి వెళ్తున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ అంచనా. 1999లో స్టీవ్ గాస్ అనే ఆయన, ఫిజిక్స్ చదివి పేటెంటు లాయరైన మనిషి, చర్మం తగలగానే బ్లేడుని ఆపేసే ఉపాయం కనిపెట్టాడు. సెకనులో రెండొందలో వంతు కూడా గడవకముందే అల్యూమినియం దిమ్మ ఒకటి పళ్ళలోకి దిగి చక్రాన్ని నిలబెట్టేస్తుంది. అది ఖరీదైన మిషన్, మన మేస్త్రీకి అందేది కాదు. ఈ ఉక్కు రేకు మాత్రం ఎవరికైనా అందుతుంది.

పాతదాన్ని బాగుచేయడమంటే మొదట ఎలా ఉండేదో అలా చేయడం అనుకుంటాం. రంపం విషయంలో అది చాలదు. మొదటినుంచీ లేనిది చేర్చితేనే అది బాగుపడినట్టు. ఇంట్లో మిషన్ పెట్టుకునేవాళ్ళు ఇంకో నాలుగు పట్టించుకోండి. గ్లవ్స్ వద్దు, బ్లేడు పళ్ళు వాటి దారం పట్టుకుని చేతినే లాగేస్తాయి. ఉంగరం, మెడలో తువ్వాలు తీసేయండి. చివరి జానెడు చెక్కని వేళ్ళతో కాకుండా తోపుడు కర్రతో తొయ్యండి. ముక్కుకి మంచి మాస్కు కట్టుకోండి, చెక్క ధూళిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1995లోనే క్యాన్సర్ కారకాల మొదటి జాబితాలో చేర్చింది. పాత గుమ్మాల కలప అయితే కోసేముందు అయస్కాంతంతో మేకులు వెతకండి.

మిషన్ కొనే ఉద్దేశం లేనివాళ్ళకీ ఒక మాట. మీ ఫ్లాటులో వార్డ్‌రోబుల పని జరుగుతున్నప్పుడు హాల్లోకి వెళ్ళి చూడండి. చేతిరంపం మిషన్‌ని తలకిందులు చేసి ప్లైవుడ్ ముక్క కింద బిగించి, గోడ స్విచ్చితో నడుపుతుంటారు. కొన్నిచోట్ల రాయి కోసే మార్బుల్ కట్టర్‌కే చెక్క బ్లేడు వేసేస్తారు. అది నిమిషానికి 12 వేల చుట్లకి పైగా తిరుగుతుంది. దానికి గార్డు ఉండదు, కత్తి ఉండదు. లామినేట్ రంగు గురించి, హ్యాండిల్ మోడల్ గురించి మేస్త్రీని వంద అడుగుతాం. కోత మిషన్‌కి గార్డు ఉందా అని కూడా అడగండి. లేదంటే పెట్టించండి, ఆ ఖర్చు మీ ఖాతాలో వేసుకోండి. లక్షల్లో జరిగే పనిలో అది మీకు కనిపించను కూడా కనిపించదు.