విద్యున్మాండొలిన్: సేకర్తల దృష్టి, శ్రీనివాస్ వాదనము

పాత వాద్యములను సేకరించువారికి విద్యున్మాండొలిన్ మిక్కిలి ప్రియమైన వస్తువు. అమెరికాలో పాల్ బిగ్‌స్బీ యను శిల్పి 1952 లో టైనీ మూర్ యను వాదకునికి ఐదు తంత్రుల మాండొలిన్ నిర్మించి యిచ్చెను. ఫెండర్ సంస్థ 1956 లో నాలుగు తంత్రులదానిని విపణిలోనికి తెచ్చెను. ఇట్టివి నేడు అరుదు. సేకర్త తొలుత రంగును పరీక్షించును. అది కర్మాగారమున పూసినదేనా? ధ్వనిగ్రాహకము, బిరడలు, మరలు మొదటివేనా? మరల రంగు వేసినచో వెల తగ్గును. ఈ పరీక్ష చరిత్రకారునికి అవసరమే. కాని యంతటితో వాద్యము విలువ తేలినదనుట సాహసము. ఇందుకు మన తెలుగునాటనే నిదర్శనము కలదు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 లో పాలకొల్లున జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాదకులు. ఇంటనున్న మాండొలిన్‌ను బాలుడు ఆరేండ్ల ప్రాయమున చేపట్టెను. గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. వారికి మాండొలిన్ వాదనము రాదు. వారు పాడెడివారు, శిష్యుడు దానిని తంత్రులపై పలికించెడివాడు. ఈ వాదనమునకు మూలము ఇచ్చటనే కలదని నా యభిప్రాయము. వ్రేళ్లు మొదటి నుండియు కంఠమునే అనుసరింపవలసి వచ్చినవి.

అందులో చిక్కు లేకపోలేదు. సాధారణ మాండొలిన్‌కు ఎనిమిది తంత్రులు, రెండేసి చొప్పున నాలుగు జతలుగా నుండును. మీటిన నాదము త్వరలోనే క్షీణించును. జంట తంత్రులను ఒక్కటిగా లాగి కంపింపజేయుట కష్టము. తోడిలో గాంధారము కదలక నిలిచినచో అది తోడి యగునా? శ్రీనివాస్ జతలను విడిచి, ఐదు ఒంటి తంత్రుల విద్యుద్వాద్యమును స్వీకరించెను. విద్యుచ్ఛక్తి ధ్వనిని పెంచుటకే యని పలువురు తలంతురు. దానివలన కలిగిన ముఖ్యప్రయోజనము నాదము నిలుచుట. ఒక్క మీటుతో వ్రేలు జారి, ఊగి, పలు స్వరములను పలికింపగలిగెను.

1978 లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున తొలి కచేరి, 1983 లో బెర్లిన్ జాజ్ ఉత్సవము, 1998 లో పద్మశ్రీ: ఈ కీర్తికి వేగమే కారణమని కొందరందురు. వేగము సభను ముగ్ధము చేసిన మాట నిజమే. ఒక్కొక్కయెడ రాగమును దాటి పరుగెత్తినదనుటయు నిజమే. ఆయన ప్రతిభ తేలునది విలంబమున. ఆలాపనలో స్వరమునకు స్వరమునకు నడుమనున్న దారిని ఆయన వదలలేదు.

పరదేశ వాద్యము మనదగుట కొత్త గాదు. బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను మన సంగీతమున ప్రవేశపెట్టిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) నాటికి అది పరాయిదని యెవరును తలంపలేదు. మాండొలిన్‌కు అంత కాలము దొరకలేదు. శ్రీనివాస్ 2014 లో, నలువదియైదవ యేట, చెన్నైలో మరణించెను.

నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది. ఇచ్చటి తెలుగు పిల్లల మాటలో మరాఠీ కలియుట సహజము. నేను చాలకాలము వారి వ్యాసములలోని ప్రతి మరాఠీ పదమును ఎఱ్ఱసిరాతో కొట్టివేసితిని. తరువాత తరువాత పిల్లలు తక్కువ వ్రాయసాగిరి. ఒకనాడు తరగతిలో శ్రీనివాస్ ధ్వనిముద్రణ వినిపించితిని. “ఇది వీణనా సార్?” అని ఒక బాలుడడిగెను. కాదని చెప్పుటకు నాకు కొంతసేపు పట్టెను. మొదటి రంగును వెదకు సేకర్తకును, ఎఱ్ఱసిరా పట్టిన నాకును నాడు భేదము కనబడలేదు.

కావున మన సంఘమువారికి నాదొక విన్నపము. పాత వాద్యములను, గ్రంథములను భద్రపరచుడు, అది మేలే. దానితోపాటు ఏటేట మన పిల్లలచేత సభలో పాడించుడు, మాటాడించుడు. యాస యెట్లున్నను ముందు వినుడు.