మునిగిన ఊళ్ల మీద పుట్టి

కంబోడియాలో తోన్లే సాప్ సరస్సు మీద ఇళ్లూ బడులూ అంగళ్లూ తేలుతాయని అబ్బురంగా చెప్పుకుంటాం. మన మానేరు మీద తేలే ఊరు లేదు, నీళ్ల అడుగున ఊళ్లున్నాయి. మిడ్ మానేరు జలాశయం నిండితే, అందులో మునిగిన చీర్లవంచ, చింతలఠాణా, రుద్రవరం పొలాల మీదుగా గంగపుత్రుల పుట్లు సాగుతాయి. ఏ మోడు వలను చింపుతుందో, ఏ పాత మడికట్టు పక్కన కొర్రమట్ట దాగుతుందో ఒడ్డున కనబడే గుట్టల ఆనవాళ్లతోనే చెప్పేస్తారు. ఆ పనితనాన్ని ఎంత పొగిడినా నాకు తనివి తీరదు.

పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పడవ. బద్దలను నేలమీద పరిచి, నడుమ నుంచి అల్లుకుంటూ పోతారు. మధ్యలో బరువు పెట్టి అంచులు పైకి వంచి, చుట్టూ కట్టు బిగిస్తారు. వెనుకట తోలు కప్పేవారట, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా, తారు. ముందు లేదు, వెనక లేదు. తెలియని చేతిలో తెడ్డు పడితే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. తెలిసినవాడు పోయే దిక్కు అంచున కూర్చుని నీటిని తనవైపు లాక్కుంటుంటే గీత గీసినట్టు పోతుంది.

ఇక విసురు వల! దిగువ మానేరులో తెల్లారగట్ల ఒక పెద్దాయన అలాంటి పుట్టిలో లేచి నిలబడ్డాడు. భార్య తెడ్డు పట్టింది. తాడు కొస మణికట్టుకు, వల సగం మోచేతి మీద, సగం కుడిచేతిలో. నడుము ఒక్క తిప్పు తిప్పాడు. వల పూర్తి వలయంగా విచ్చుకుంది, సీసపు గుండ్లన్నీ ఒకేసారి నీటిని తాకాయి, పుట్టి మాత్రం ఒరగలేదు. గట్టు మీద నిలబడి అంత గుండ్రంగా విసరడానికే ఏళ్లు పడుతుంది. విసరడం సగం పనే. గుండ్లు అడుగున ఒకదానికొకటి చేరేదాకా తాడు మెల్లగా లాగాలి. తొందరపడితే బొచ్చె అంచు కిందినుంచి జారిపోతుంది.

ఇంతటి విద్యకు పోటీగా వచ్చిందేమిటి? థర్మకోల్ ముక్కల తెప్పలు, బజారులో కిలోల లెక్కన దొరికే సన్నకన్ను వలలు! వేలెడంత పిల్లచేపను కూడా వదలని దోమతెరలవి. 2016 నుంచి ప్రభుత్వం ఏటేటా చెరువుల్లో ఉచితంగా వదులుతున్న చేపపిల్లలను ఎదగకముందే ఊడ్చేస్తే ఇక పట్టేదేమిటి? చేత్తో వల అల్లేవాడు చేప పరిమాణం చూసి కన్ను పెడతాడు. చిన్నదాన్ని పోనిస్తేనే రేపు తనకు బతుకు.

మన కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. వెదురు బద్దతో నీటిని గెలిచిన చేతికి ఏ పతకమూ లేదే! నేను ఆ చేతుల పక్షం, దాచుకోను. మత్స్యశాఖ సన్నకన్ను వలలను ఒడ్డునే పట్టుకుని తగలబెట్టాలి. పుట్టి అల్లగల పెద్దలు ఉన్నప్పుడే, కూలీ ఇచ్చి, వాళ్ల దగ్గర పదిమంది పిల్లలను కూర్చోబెట్టాలి. ఈ ఎండాకాలమే, నీళ్లు తగ్గి పుట్లు ఒడ్డుకు చేరినప్పుడే మొదలుపెట్టాలి.