నాపబండల గుడికి ఏ ఆర్గాన్?

బేతంచెర్ల అనగానే రాయలసీమవాళ్లకు ముందు గుర్తొచ్చేవి నాపబండలు. నున్నగా పాలిష్ పట్టిన ఆ బండల్ని ఇళ్లలో, బళ్లలో, కల్యాణ మండపాల్లో పరిచినట్టే చుట్టుపక్కల చర్చిల్లోనూ పరుస్తారు. మే నెల ఎండలో చెప్పులు విప్పి లోపలికొస్తే కాళ్లకు హాయిగా ఉంటుంది. పాటకు మాత్రం ఆ బండ చేసే పని వేరు. శబ్దాన్ని అది పీల్చుకోదు, వచ్చిందాన్ని వచ్చినట్టే తిప్పికొడుతుంది. సిమెంటు గోడలు, ఆర్‌సీసీ కప్పు తోడైతే ఒక్క చప్పట నాలుగు వైపుల నుంచీ వినిపించే గది తయారవుతుంది. అలాంటి గదిలో సంఘం పాటకు తోడు ఏ వాద్యం పెట్టాలన్నది కొటేషన్లు తెప్పించుకుని తేల్చేసే లెక్క కాదు.

కొత్త గుడి కట్టినప్పుడో, ఉన్న గుడికి నూరేళ్లు నిండినప్పుడో ‘మనమూ ఆర్గాన్ పెట్టిద్దాం’ అన్న మాట లేస్తుంది. పైపులదా, డిజిటలా అన్న వాదన ఆ వెంటే వస్తుంది. ఆ వాదనకు ఈ నేల మీద హక్కు లేకపోలేదు. ఆళ్లగడ్డ ప్రాంతంలోని ముత్యాలపాడులో 19వ శతాబ్దం నడుమ ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ సంస్థకు చెందిన జాన్ క్లే కాపురం పెట్టాడు. ఆంగ్లికన్ ఆరాధన పద్ధతి ఈ పల్లెల్లోకి వచ్చింది ఆ మిషన్ ద్వారానే. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథడ్రల్లో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లు అందులో కలవలేదు. 1975లో గానీ వాళ్ల డయోసిస్ సీఎస్‌ఐలోకి రాలేదు. అంత పట్టుగా ఆంగ్లికన్ సంప్రదాయాన్ని నిలుపుకున్న ఈ నంద్యాల జిల్లాలో ఆర్గాన్ మీద మనసు పోవడం సహజమే. ఈ మిషన్లకు పెద్ద దిక్కుగా ఉన్న మద్రాసులో పైపుల ఆర్గాన్లు ఇంగ్లండ్ నుంచి ఓడల్లో వచ్చాయి. ఎగ్మూరు దగ్గరి సెయింట్ ఆండ్రూస్ కర్క్‌లో ఉన్నది 1883లో పీటర్ కోనాకర్ కంపెనీ చేసింది. కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌కు లండన్‌లోని విల్లిస్ కంపెనీ చేసి పంపింది.

ఇంతకీ ఆ పైపులో జరిగేదేమిటి? అడుగున సన్నబడిన కాలు, దాని కొసన చిన్న రంధ్రం. తిత్తిలో కుదురుగా నిలిపిన గాలి ఆ రంధ్రం గుండా ఎక్కి, పైపు నోటి దగ్గరి సన్నని చీలికలోంచి పల్చటి రేకులా బయటపడుతుంది. ఆ గాలి రేకు పై పెదవికి తగిలి లోపలికీ బయటికీ ఊగుతుంది. ఆ ఊపుకు గొట్టంలోని గాలంతా కదిలి స్వరమవుతుంది. పిల్లనగ్రోవి ఊదేవాడి పెదవి చేసే పనిని ఇక్కడ లోహం చేస్తుంది, అంతే తేడా. కాకపోతే పిల్లనగ్రోవిలో రంధ్రాలు మూసి తెరిచి అన్ని స్వరాలూ ఒక్క గొట్టంలోనే పలికిస్తారు. ఆర్గాన్‌లో ఒక్కో మెట్టుకు ఒక్కో పైపు కావాలి. 61 మెట్లున్న వరసలో ఒక్క స్టాపుకే, అంటే ఒకే రకం నాదమిచ్చే పైపుల జట్టుకే, 61 పైపులు, పది స్టాపులు పెడితే 610. మామూలు మంద్ర స్వరానికి పైపు 8 అడుగులుంటుంది. కాళ్లతో తొక్కే పెడల్ వరసకు 16 అడుగులు కావాలి. అంత ఎత్తు కప్పు లేకపోతే పైపు కొసను మూసేస్తారు. మూసిన పైపు సగం పొడవులోనే అదే మంద్రం పలుకుతుంది, గొంతు మాత్రం కాస్త మెత్తబడుతుంది.

పైపులు చేయడం పనిలో సగమే. నోటి ఎత్తును, చీలిక వెడల్పును, కాలి రంధ్రాన్ని వెంట్రుకవాసి సరిచేస్తూ ఒక్కో పైపుకూ గొంతు తెప్పించే పనివాడు వేరే ఉంటాడు. ఆ పనిలో చివరి భాగమంతా ఫ్యాక్టరీలో కాకుండా గుడిలోనే జరుగుతుంది. బండల గుడిలో గట్టిగా అనిపించే స్వరం చెక్క నేల ఉన్న గుడిలో పేలవంగా ఉంటుంది. అందుకే పైపుల ఆర్గాన్‌ను ఆ గుడి కోసమే పుట్టిన వస్తువు అంటారు. స్విట్జర్లాండ్‌లోని సియోన్ పట్టణంలో, వాలేర్ గుట్ట మీది చర్చిలో 1435 ప్రాంతపు ఆర్గాన్ ఒకటి ఇప్పటికీ మోగుతోంది.

వాయించేవాడికీ ఇదొక ప్రత్యేక విద్య. వీణ తీగ మీటితే నాదం దానంతట అదే తగ్గుతుంది. ఆర్గాన్ స్వరం మెట్టు నొక్కినంతసేపూ అదే బలంతో నిలుస్తుంది. కాబట్టి నొక్కడం కన్నా వదలడంలోనే పనితనమంతా ఉంది. స్వరం తెగకుండా ఒకే మెట్టు మీద ఒక వేలు తీసి మరో వేలు పెట్టడం దీని ఓనమాలు. అంతకన్నా ముఖ్యం, చరణం చివర సంఘం ఊపిరి తీసుకునే చోట చేతులు లేపడం. ఆ సందు ఇవ్వని ఆర్గానిస్టు వెనక మూడో చరణానికే జనం రొప్పుతారు. ఇది పైపుకైనా డిజిటల్‌కైనా ఒకటే. దీన్ని నేర్పేవాళ్లను వెతక్కుండా వాద్యం కోసమే వెతకడం మన సంఘాల్లో మామూలైపోయింది.

అయితే ఎండ సంగతి? పైపులోని గాలి వేడెక్కితే శబ్దవేగం పెరుగుతుంది, దాంతో శ్రుతీ పెరుగుతుంది. గుడి లోపల 20 డిగ్రీలున్నప్పుడు సరిచేసిన శ్రుతి 40 డిగ్రీల దగ్గర ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ ఉన్న దూరంలో సగానికి పైగా ఎగబాకుతుంది. అన్ని పైపులూ కలిసి ఎగబాకితే అదీ ఒక దారే. కానీ ఇత్తడి నాలుకతో పలికే రీడు పైపులు దాదాపు పాత శ్రుతిలోనే ఉండిపోతాయి. క్రిస్మస్ ఆరాధనలో తియ్యగా కలిసిన రెండు వరసలు మండు వేసవిలో కీచులాడతాయి. పైగా పొడి వేడికి చెక్క పెట్టెలు నెర్రెలిస్తాయి, తిత్తుల తోలు పెళుసెక్కుతుంది, ఎలుకలూ చెదలూ ఉండనే ఉన్నాయి. శ్రుతి చేయాలంటే ఒకరు మెట్టు నొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు పైపుల మధ్య దూరి, రెండు స్వరాల మధ్య పుట్టే అల నిలిచిపోయేదాకా పైపు కొసను సవరించాలి. వందల పైపులకు ఇదే పని. ఏటా ఆ మనిషి ఏ ఊరి నుంచి రావాలి, ఎన్నాళ్లుండాలి, ఖర్చెంత అన్నది కొనకముందే తేలాలి.

ఉష్ణదేశంలో పైపుల ఆర్గాన్ నిలవదని దీనర్థం కాదు. ఫిలిప్పీన్స్‌లో మనీలా పక్కనున్న లాస్ పిన్యాస్ పాదిరి దియేగో సేరా 1816లో మొదలుపెట్టి 1824లో పూర్తిచేసిన ఆర్గాన్‌లో 1,031 పైపులుంటే, వాటిలో 902 వెదురువి. పురుగు పట్టకుండా ఆ వెదుళ్లను ముందు సముద్రపు ఇసుకలో పాతిపెట్టి ఉంచాడాయన. భూకంపాలకూ తుపాన్లకూ పాడై మూగబోయిన ఆ వాద్యాన్ని 1973లో జర్మనీలోని బాన్ నగరానికి, క్లైస్ కంపెనీకి పంపారు. ఫిలిప్పీన్స్ గాలిలోని తేమను, వేడిని తలపించే గదిలో పెట్టి దాన్ని బాగుచేశారు. 1975లో అది ఇల్లు చేరింది. స్థానికంగా దొరికే సరుకుతో, స్థానిక వాతావరణానికి తగ్గట్టు చేశారు కాబట్టే ఇన్నాళ్లుంది. ఇంగ్లండ్ చలికి ఆరిన ఓక్ చెక్కను నంద్యాల వేసవిలోకి దింపితే ఆ భరోసా ఉండదు.

పైపులు లేని కరెంటు ఆర్గాన్ల కథ ఇంకా సరదాగా ఉంటుంది. 1935లో చికాగోలో లారెన్స్ హామండ్ తిరిగే లోహచక్రాలతో, కరెంటుతో మోగే ఆర్గాన్‌ను మార్కెట్‌లోకి తెచ్చాడు. పైపుల ఆర్గాన్‌కు ఇది దీటని ప్రకటనలు గుప్పించేసరికి అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. విచారణలో భాగంగా చికాగో విశ్వవిద్యాలయ ప్రార్థనామందిరంలో రెండింటినీ చాటు నుంచి వాయించి ఏది ఏదో చెప్పమన్నారు. విన్నవాళ్లు మూడింట ఒకసారి పొరబడ్డారు. అయినా 1938లో కమిషన్ ఆ ప్రకటనలు ఆపమంది. ఇందులో చమత్కారమేమిటంటే, హామండ్ తర్వాత నల్లజాతి అమెరికన్ల చర్చిల్లో గాస్పెల్ పాటకు ప్రాణమైంది. పైపును అనుకరించినంతకాలం రెండో రకమైన వాద్యం, తన గొంతుతో పాడాక మొదటి రకమైంది.

ఇవాళ్టి డిజిటల్ ఆర్గాన్‌ది మరో దారి. 1971లో అమెరికాలోని అలెన్ కంపెనీ మొదటి డిజిటల్ ఆర్గాన్‌ను అమ్మింది. ఇప్పుడైతే నిజమైన ఆర్గాన్‌లో ఒక్కో పైపునూ విడివిడిగా రికార్డు చేసి, మెట్టు నొక్కగానే ఆ నాదాన్నే వదులుతారు. మొదట గాలి తగిలే చిన్న ‘చుఫ్’ నుంచి చివర గుడి గోడల్లో కరిగే మోత వరకూ అందులో ఉంటాయి. నమూనాలు ఎంత మంచివైనా బయటికొచ్చేది స్పీకర్లోంచే. అసలు తేడా అక్కడే. పైపుల ఆర్గాన్‌లో ప్రతి స్వరమూ వేరే చోట పుట్టి గదిలోనే కలుస్తుంది. డిజిటల్‌లో అన్నీ ముందే కలిసి నాలుగు డబ్బాల్లోంచి వస్తాయి. 16 అడుగుల పైపు అట్టడుగు స్వరం సెకనుకు సుమారు 33 కంపనాలు. చిన్న స్పీకరు దాన్ని పలికించలేదు, పైనున్న ఛాయను వినిపించి సరిపెడుతుంది. డిజిటల్ కొన్న సంఘాలు నష్టపోయేది ఎక్కువగా ఇక్కడే: డబ్బంతా మెట్ల పెట్టె మీద పోసి స్పీకర్ల దగ్గర పొదుపు చేస్తారు. పెళ్లిపందిరికి తెచ్చే సౌండ్ బాక్సులకే ఆర్గాన్‌ను తగిలించిన గుడిలో ఎంత గొప్ప నమూనా అయినా రణగొణే.

దుమ్ము సంగతి బేతంచెర్లవాళ్లకు చెప్పక్కర్లేదు. బండలు కోసే, పాలిష్ పట్టే మిషన్ల మీద నీళ్లు పోస్తూనే ఉన్నా, ఆ బురద ఎండాక పిండిలా లేస్తుంది. న్యూయార్క్‌లోని ట్రినిటీ చర్చి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2001 సెప్టెంబరు 11న వాల్ స్ట్రీట్‌ను కమ్మేసిన ధూళి ఆ చర్చిలోని పెద్ద పైపుల ఆర్గాన్‌ను పాడుచేసింది. దాని చోట 2003లో డిజిటల్ ఆర్గాన్ పెట్టారు. అది మంచి పేరే తెచ్చుకుంది. అయినా తర్వాత ఆ సంఘం తిరిగి పైపుల ఆర్గాన్‌కే ఆర్డరిచ్చింది. అంత స్తోమత ఉన్న సంఘం నిర్ణయాన్ని కొలమానంగా పెట్టుకోవడం మనకు కుదరదు. ధూళి ఒక పైపుల ఆర్గాన్‌ను ఏంచేయగలదన్న పాఠం వరకూ తీసుకుంటే చాలు. చిన్నపాటి బూడిద రేణువు చీలికలో ఇరుక్కున్నా పైపు మూగబోతుంది. డిజిటల్‌కు దుమ్ముతో గొడవ తక్కువ. దాని గండం వోల్టేజీ హెచ్చుతగ్గులు, ఇరవై పాతికేళ్లకు విడిభాగాలు దొరక్కపోవడం.

ఇక ఆ వాద్యం మీద పాడే పాట. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలావాటికి రాగతాళాలు మన సంగీతానివి. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి రాసిన కీర్తనలే అందుకు సాక్ష్యం. మెట్ల వాద్యమేదీ గమకం పలకలేదు, పైపైనా చిప్పైనా అంతే. ఇంగ్లిష్ హిమ్‌కు వేసినట్టు ప్రతి అక్షరానికీ నాలుగు స్వరాల శ్రుతిమేళం వేస్తే రాగం ఊపిరాడక చస్తుంది. మెత్తని ఫ్లూట్ స్టాపు ఒకటి తీసి, షడ్జ పంచమాలు నిలిపి, పాటను పాడేవాళ్లకే వదిలేసే ఆర్గానిస్టు కావాలి. డిజిటల్‌లో శ్రుతి మార్చే బటన్ ఇక్కడ అక్కరకొస్తుంది. స్త్రీలు ఐదున్నరలో, మగవాళ్లు ఒకటిలో సౌకర్యంగా ఉంటే అదే వేళ్లతో శ్రుతి మార్చుకోవచ్చు.

హార్మోనియంను మర్చిపోవడం అన్యాయం. అది పైపులు లేని ఆర్గానే: 1840ల్లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ చేసిన వాద్యం కలకత్తా చేరాక నేల మీద కూర్చుని వాయించే పెట్టెగా మారింది. గమకం రాదని ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా దాన్ని వెలివేసినా, పద్యనాటకమూ చర్చీ వదల్లేదు. కరెంటు పోయినా మోగుతుంది, తిత్తి చిరిగితే ఊళ్లోనే అతుకు వేయించవచ్చు. యాభై అరవైమంది పాడే పల్లె గుడికి ఇంతకన్నా ఎక్కువ అవసరం లేదు.

పెద్ద గుడి అయి, నడిపే స్తోమతా ఉంటే బేతంచెర్లలో డిజిటలే సరైన ఎంపిక. అయితే రెండు వరసల మెట్లు, పూర్తి పెడల్ బోర్డు ఉండాలి. డోలు మోతలూ రికార్డు తాళాలూ ఉన్న ఆటబొమ్మ కాకూడదు. స్పీకర్లు సంఘం నెత్తి మీద కాకుండా ముందు వైపు ఎత్తులో, విడివిడిగా పెట్టాలి. గది తానే మోగుతుంటుంది కాబట్టి వాద్యంలోని కృత్రిమ ప్రతిధ్వనిని ఆపేయాలి. డబ్బు కట్టకముందు దాన్ని ఒక ఆదివారం గుడికి తెప్పించి, సంఘమంతా కూర్చుని పాడుతుండగా వినాలి. జనంతో నిండిన గుడి, ఖాళీ గుడి ఒకేలా మోగవు. దుకాణంలో విన్నది ఈ రెండింటికీ సంబంధం లేనిది. కొన్నాక పక్కనే స్టెబిలైజరు, యూపీఎస్ పెట్టించాలి. ఊళ్లో ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పెడల్ మీద కాళ్లాడించడం నేర్చుకోవడానికి పంపాలి. ఆ ఖర్చు కూడా ఆర్గాన్ ధరలోనే కలిపి అంచనా వేసుకోవాలి.