గురువు లేని జావా పాఠము: ఒక గ్రంథ విమర్శ

తన వేగమున తాను చదువుకొనవలెనను కోరిక ప్రతి విద్యార్థికిని సహజము. తరగతిలో నలుబది మంది ఉన్నప్పుడు ఒకే పాఠము కొందరికి మరీ త్వరగాను, కొందరికి మరీ నెమ్మదిగాను నడచును. ఉద్యోగము చేయుచు క్రొత్త విద్య నేర్వదలచిన వారికి ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. పగలంతయు ఒక వ్యాపార సంస్థ లెక్కల ప్రోగ్రాములు వ్రాసి ఇల్లు చేరినవారికి చదువుకొనుటకు రాత్రి రెండు గంటలు దొరకుటయే కష్టము. ఇట్టి వారి కొరకే స్వయంశిక్షణ గ్రంథములు వెలసినవి. జావా భాషలో వెబ్ ప్రోగ్రాములు వ్రాయుట నేర్పు గ్రంథములకు వీనిలో ముఖ్యస్థానము కలదు. హైదరాబాదులోని అమీర్‌పేట శిక్షణాలయములు జావా బోధనకు పేరుపడినవి కాబట్టి తెలుగు విద్యార్థులకు ఈ విద్య క్రొత్త కాదు. కాని అచ్చట పాఠపు వేగమును నిర్ణయించునది విద్యార్థి కాదు, తరగతి.

స్వయంశిక్షణ గ్రంథములలో విశేష ప్రచారము పొందినది ‘హెడ్ ఫస్ట్ సర్వ్‌లెట్స్ అండ్ జె.ఎస్.పి.’ అనునది. బ్రయాన్ బాషం, కాథీ సియెర్రా, బర్ట్ బేట్స్ దీని రచయితలు. అమెరికాలోని ఓరైలీ సంస్థ దీనిని 2004లో ప్రకటించినది. రెండవ కూర్పు 2008లో వెలువడినది. ఈ గ్రంథము గురువు స్థానమును ఎంతవరకు నింపగలిగినది, ఎచ్చట నింపలేకపోయినది అను విషయము ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ఆలోచింపదగినది.

స్వయంశిక్షణకు ఉండవలసిన లక్షణములు

విమర్శకు ముందు ఒక కొలబద్ద కావలెను. స్వయంశిక్షణ అను భావము కంప్యూటర్లతో పుట్టినది కాదు. హార్వర్డు విశ్వవిద్యాలయపు మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నర్ 1958లో బోధన యంత్రములను గూర్చి ఒక ప్రసిద్ధ వ్యాసము ప్రకటించెను. పాఠమును చిన్న చిన్న మెట్లుగా విడదీయవలెననియు, ప్రతి మెట్టు కడను విద్యార్థి తానే జవాబు చెప్పవలెననియు, అది తప్పో ఒప్పో వెంటనే తెలియవలెననియు ఆయన వాదము.

ఆయన సహాధ్యాయి ఫ్రెడ్ కెల్లర్ ఈ భావమును మరియొక దారిని నడిపెను. 1964లో బ్రెజిల్ దేశమున బ్రసీలియా విశ్వవిద్యాలయములో ఆయనయు, ఆయన సహచరులును ఒక క్రొత్త బోధనా పద్ధతిని ప్రారంభించిరి. దానిని వివరించుచు కెల్లర్ 1968లో వ్రాసిన వ్యాసమునకు ‘గురువుగారూ, సెలవు’ అను అర్థము వచ్చు పేరు పెట్టెను. ఈ పద్ధతిలో విద్యార్థి తన వేగమున చదువును. ఒక భాగమును పూర్తిగా నేర్చినట్లు ఋజువైన పిమ్మటనే తరువాతి భాగము అతని చేతికి వచ్చును. ఉపన్యాసములు ఉత్సాహము కలిగించుటకే గాని పాఠము చెప్పుటకు కావు. బోధన అంతయు వ్రాతమూలకముగనే జరుగును.

ఐదవ లక్షణము అన్నిటికంటె ముఖ్యము. ఆ పాఠమును అంతకుముందు పూర్తిచేసిన విద్యార్థి ఒకడు సహాయకుడుగా ఉండి, క్రొత్తవాని జవాబులను చూచి, పొరపాటు ఎచ్చటనున్నదో వానితో మాటలాడి తెలుసుకొనును. కెల్లర్ గురువునకు సెలవు చెప్పెనే గాని, ప్రశ్న అడుగుటకు మనిషి అక్కరలేదని చెప్పలేదు. స్వయంశిక్షణ అను మాటను వాడువారు ఈ భేదమును తరచు మరచుచుందురు.

గ్రంథము చేసిన మేలు

వెబ్ ప్రోగ్రాములో మొదట బోధపడవలసిన విషయము ఒకటి ఉన్నది. బ్రౌజరు ఒక కోరిక పంపును, సర్వరు ఒక జవాబు పంపును, అంతటితో వాని సంబంధము ముగియును. వీని నడుమ మాటలు సాగించు హెచ్.టి.టి.పి. నియమావళికి జ్ఞాపకశక్తి లేదు. బ్యాంకులో ఒక గుమాస్తా ఉన్నాడనుకొనుడు. ఒక్కొక్క మాటకు జవాబు చెప్పిన వెంటనే ఎదుటి మనిషిని మరచిపోవుట అతని స్వభావము. అట్టివానితో పని జరుగవలెనన్న, మొదటిసారి వచ్చినవానికి అతడు ఒక బిళ్ల ఇచ్చి, దాని సంఖ్య పేర ఒక కాగితముపై వివరములు వ్రాసి ఉంచుకొనవలెను. మరల వచ్చినప్పుడు బిళ్ల చూపినచో కాగితము తీయును. వెబ్‌లో ఆ బిళ్లకు కుకీ అనియు, ఆ కాగితమునకు సెషన్ అనియు పేరు. ఈ గ్రంథము ఆరవ అధ్యాయమున దీనిని తీరికగా బోధించుచున్నది. బ్రౌజరు కుకీని నిరాకరించినచో ఏమి చేయవలెనో కూడ చెప్పుచున్నది.

ఇంతకంటె కఠినమైన విషయము ఐదవ అధ్యాయములో కలదు. సర్వ్‌లెట్ అనగా సర్వరులో ఉండి కోరికలకు జవాబులు తయారుచేయు జావా ప్రోగ్రాము. సాధారణముగా ఒక సర్వ్‌లెట్‌కు ఒకే ప్రతి ఉండును గాని, నూరుమంది ఒకే కాలమున కోరికలు పంపినచో నూరు థ్రెడ్లు, అనగా నూరు పని వరుసలు, దానిని ఏకకాలమున నడుపును. వీరందరు వాడుకొను సామాన్య భాండారములో ఒకరు ఉంచిన విలువను మరియొకరు మార్చవచ్చును. మొదటివారు తిరిగి చదివినప్పుడు తాము ఉంచినది అచ్చట ఉండదు.

రచయితల నేర్పు ఇచ్చట కనబడుచున్నది. చదువరికి మొదట తోచు ఉపాయమునే వారు ముందుంచిరి: సర్వ్‌లెట్‌లోని ముఖ్యభాగమునకు తాళము వేసి, ఒకసారి ఒకరినే లోనికి రానిచ్చుట. అది పనిచేయదని వెంటనే చూపిరి. ఆ సర్వ్‌లెట్‌లోనికి ఒక్కరే వచ్చినను, వేరొక సర్వ్‌లెట్ మరియొక దారిన వచ్చి అదే భాండారమును తాకవచ్చును కదా! కావున తాళము వేయవలసినది సర్వ్‌లెట్‌కు కాదు, భాండారమునకు. భాండారమును వాడు ప్రతివారును ఆ తాళమునే పాటింపవలెను. తప్పు ఉపాయము ఎందుకు తప్పో చూచిన తరువాత ఒప్పు ఉపాయము మరపునకు రాదు. మంచి ఉపాధ్యాయుడు నల్లబల్ల దగ్గర చేయు పని ఇదియే. బొమ్మలును, సంభాషణలును, హాస్యమును నిండిన ఈ గ్రంథపు శైలి కొందరికి అతిగా తోచవచ్చును గాని, ఈ అధ్యాయమున మాత్రము ప్రతి బొమ్మకును పని కలదు.

ఉదాహరణములోని కొరత

మూడవ అధ్యాయమున చదువరి తన మొదటి వెబ్ ప్రోగ్రామును పూర్తిగా నిర్మించును. అది బీరును గూర్చి సలహా చెప్పు ప్రోగ్రాము. చదువరి ఒక రంగు ఎన్నుకొన్నచో రెండు రకముల పేర్లు తెరపై వచ్చును. ఈ ఉదాహరణము పాఠశాలలకు తగినది కాదను ఆక్షేపణ సహజమే గాని, అది చిన్న లోపము. పెద్ద లోపము వేరొకటి. ఈ ప్రోగ్రాము దేనిని భద్రపరచదు, దేనిని లెక్కింపదు. అది తప్పు జవాబు చెప్పినను ఎవరికిని నష్టము లేదు.

వ్యాపార ప్రోగ్రాము అట్టిది కాదు. ఒక పాఠశాల రుసుములు వసూలు చేయు ప్రోగ్రామును తీసికొనుడు. తండ్రి ‘చెల్లించు’ అను మీటను నొక్కును. జవాబు ఆలస్యమైనందున మరల నొక్కును. రెండు కోరికలు సర్వరును చేరినవి. రుసుము రెండుసార్లు తీసికొనబడునా? అతని ఖాతాలో సొమ్ము తగ్గిన పిమ్మట, పాఠశాల ఖాతాలో అది చేరకముందే విద్యుత్తు పోయినచో ఆ సొమ్ము ఎవరిది? జరిగినచో రెండును జరుగవలెను, లేనిచో రెండును జరుగరాదు. డేటాబేసు శాస్త్రములో ఇట్టి అవిభాజ్య కార్యమునకు ట్రాన్సాక్షన్ అని పేరు. వ్యాపార ప్రోగ్రాములు వ్రాయువారి రోజువారీ చింత ఇదియే. గ్రంథములో పదునాలుగు అధ్యాయములు ఉన్నను, డేటాబేసు కొరకు ఒక్కటియును కేటాయింపబడలేదు.

పరీక్ష పాఠమును మలచిన విధము

ఈ కొరతకు కారణము గ్రంథము ఉద్దేశములోనే ఉన్నది. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ వెబ్ ప్రోగ్రామర్ల కొరకు నడిపిన ఒక ధ్రువపత్ర పరీక్షకు ఇది సాధన గ్రంథము. రచయితలు ఆ సంగతి దాచలేదు. పరీక్షలో లేని విషయమును విడిచిరనుట మోసము కాదు. కాని ఫలితమును గమనింపవలెను. అధ్యాయముల చివరను, గ్రంథము చివరను ఉన్న నమూనా ప్రశ్నలు జవాబులలో ఒప్పైన వానిని గుర్తింపుమనునవి. ఏ పద్ధతి పేరు ఏది, అమరిక పత్రములో ఏ మూలకము లోపల ఏది ఉండవలెను అను జ్ఞానము వానికి ఎక్కువగా కావలెను. పేర్లు గుర్తుంచుకొనుట అవసరమే గాని, తాను వ్రాసిన ప్రోగ్రాము ఏల నడచుట లేదో కనుగొనుట వేరొక విద్య. మొదటి దానిని అచ్చుపత్రముతో కొలువవచ్చును. రెండవ దానిని కొలుచుట కష్టము. కొలుచుటకు సులభమైనదే పాఠ్యభాగముగా మారుట మన పాఠశాలలలో కూడ చూచుచున్న సంగతియే.

ఒంటరి చదువరి కష్టము

కాలము తెచ్చిన మార్పు ఈ లోపమును మరింత బయటపెట్టినది. 2009లో వెలువడిన సర్వ్‌లెట్ 3.0 ప్రమాణముతో, గ్రంథము విస్తారముగా బోధించిన అమరిక పత్రము చాల సందర్భములలో అనవసరమైనది. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ సంస్థలో కలసిపోయినది. ఆ పేరుతో ఆ పరీక్ష నేడు లేదు. ఈ జావా విభాగపు నిర్వహణ పిమ్మట ఎక్లిప్స్ ఫౌండేషనుకు చేరి, 2018లో జకార్తా అను పేరు పొందినది. 2020 చివరను వెలువడిన జకార్తా 9వ కూర్పులో ‘జావాక్స్’ అను మాటతో మొదలగు సర్వ్‌లెట్ పేర్లు ‘జకార్తా’ అను మాటతో మొదలగునట్లు మార్చబడినవి.

ఇప్పుడు ఒక చదువరి ఈ గ్రంథమును తెరచి, టామ్‌క్యాట్ అను సర్వరులో 10వ కూర్పును గాని, తరువాతి దానిని గాని అమర్చుకొని, మూడవ అధ్యాయములోని ప్రోగ్రామును అక్షరము తప్పక వ్రాసెననుకొనుడు. అది నడువదు. పేరు దొరకలేదను సందేశము తెరపై వచ్చును. చదువరి మరల మరల సరిచూచుకొనును. అచ్చులో ఉన్నట్లే ఉన్నది. మూడు రాత్రులు గడచిన పిమ్మట ఈ విద్య తనకు రాదని నిశ్చయించుకొని గ్రంథమును మూసివేయును. తప్పు అతనిది కాదు, గ్రంథముదియు కాదు. ఆ రెండిటి నడుమ గడచిన కాలముది. పక్కన ఒక సహాయకుడు ఉన్నచో ఒక్క నిమిషములో చెప్పెడివాడు: ‘టామ్‌క్యాట్ 9వ కూర్పు తెచ్చుకొనుము, లేదా పేరు మార్చుము.’

పదునారేండ్ల పిమ్మట రాబోవు మార్పును 2004లోని రచయితలు ఎట్లు ఎరుగుదురని కొందరు అడుగవచ్చును. ఎరుగరు, ఆ నింద వారిపై మోపుట న్యాయము కాదు. అయినను మారుట ఈ విద్యకు స్వభావమని 2004 నాటికే అందరికిని తెలియును. గురువు లేక చదువువానికి మొదట నేర్పవలసినది తప్పు ఎవరిదో గుర్తించు విధానము: దోషసందేశమును చదువుట, ఏ కూర్పు వాడుచున్నామో చూచుకొనుట, ప్రోగ్రామును సగము చేసి ఏ సగములో దోషమున్నదో తేల్చుకొనుట. దీనికి ఒక ప్రత్యేకాధ్యాయము ఉండదగియుండెను. అది లేనందున కెల్లర్ చెప్పిన ఐదవ లక్షణపు చోటు ఖాళీగా మిగిలినది.

ఉపయోగించు విధము

ఇన్ని కొరతలున్నను ఈ గ్రంథము త్యజింపదగినది కాదు. కోరిక, జవాబు, సెషన్, థ్రెడ్ అను మూలభావములు నేటికిని మారలేదు. వానిని ఇంత స్పష్టముగా చెప్పిన గ్రంథములు అరుదు. మొదటి ఏడు అధ్యాయములు శ్రద్ధగా చదువదగినవి. తరువాతి వానిలో భద్రతను గూర్చిన పన్నెండవ అధ్యాయము ముఖ్యము. అమరిక పత్రపు వివరములను అవసరమైనప్పుడు చూచుకొనిన చాలును.

దీనితో పాటు చదువరి ఒక చిన్న వ్యాపార ప్రోగ్రామును తానే నిర్మింపవలెను. పాఠశాల గ్రంథాలయపు పుస్తకముల పద్దు ఇందుకు చాలును. దానిని డేటాబేసులో భద్రపరచి, ఒక పుస్తకము ఒక్క ప్రతియే మిగిలినప్పుడు రెండు బ్రౌజర్లనుండి ఒకేసారి దానిని కోరి చూడవలెను. ఇద్దరికిని దొరికినట్లు ప్రోగ్రాము చెప్పినచో ఐదవ అధ్యాయమును మరల తెరువవలెను. అయితే అచ్చటి తాళము సర్వరులోని భాండారమునకు సంబంధించినది. డేటాబేసులోని పద్దును కాపాడుటకు ట్రాన్సాక్షన్ను కూడ నేర్చుకొనక తప్పదు. నమూనా ప్రశ్నలు నూరు చేసినను రాని జ్ఞానము ఈ ఒక్క ప్రయోగముతో వచ్చును.

ఒంటరిగా చదువుటకంటె ఇద్దరు ముగ్గురు కలసి, ఎవరి వేగమున వారు చదువుచు, ముందు పూర్తిచేసినవారు వెనుకనున్నవారి ప్రోగ్రామును చూచుట మేలు. ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు దీనిని ఏ విద్యకైనను అన్వయింపవచ్చును. తెలుగున ఇట్టి గ్రంథము వ్రాయబూనువారు ఈ గ్రంథములోని ఐదవ అధ్యాయపు పద్ధతిని గ్రహించి, బీరు స్థానమున ఒక పద్దు పుస్తకమును ఉంచి, దోషములను వెదకు విధానమును మొదటి అధ్యాయముగా వ్రాసినచో చదువరులకు గొప్ప మేలు చేసినవారగుదురు.