తొమ్మిది హెర్ట్జ్‌ల గడప

హైదరాబాద్ కంపెనీ ఒకటి బహ్రెయిన్‌లోని సిత్రాలో ఒక కర్మాగారానికి థర్మల్ కెమెరాలు అమ్ముతోందనుకుందాం. ఏ గొట్టం ఎక్కడ వేడెక్కుతోందో చూపించే కెమెరాలివి. ఇలాంటి ఒప్పందం రాసే వకీలు ధర కన్నా ముందు అడిగేది వేరు: సెకనుకు ఎన్ని ఫ్రేములు?

ఎందుకంటే సైనికంగానూ పనికొచ్చే సరుకుల ఎగుమతిని నియంత్రించే వాసెనార్ ఏర్పాటు జాబితాలో ఈ తరగతి కెమెరాల్లో 9 హెర్ట్జ్, అంటే సెకనుకు తొమ్మిది ఫ్రేములు, దాటనివాటికి మినహాయింపు ఉంది. గొట్టం నెమ్మదిగా వేడెక్కుతుంది కాబట్టి దానికి తొమ్మిది చాలు. పరుగెత్తే లక్ష్యాన్ని వెంటాడాలంటే చాలవు. పౌర అవసరానికీ సైనిక అవసరానికీ మధ్య ఒక్క అంకెతో గీత గీశారు. నాకు ఇది మంచి పనితనంగా తోస్తుంది.

వాసెనార్ ఒడంబడిక కాదు, దేశాల మధ్య అవగాహన మాత్రమే. 2017 డిసెంబరులో భారత్ అందులో చేరింది. ఆ జాబితా మన ఎగుమతి నియంత్రణ జాబితా అయిన స్కోమెట్ ఎనిమిదో విభాగంలోకి వచ్చి, చట్టబలం తెచ్చుకుంది. ఇక 30 ఫ్రేముల కెమెరా పంపాలంటే సాధారణంగా విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ (డీజీఎఫ్‌టీ) అనుమతి తప్పదు.

అసలు నేర్పు ఒప్పందంలో ఈ అనుమతి గురించి రాసే నిబంధనలో ఉంది. అంతర్జాతీయ సరుకుల విక్రయ ఒడంబడిక బహ్రెయిన్‌లో 2014 అక్టోబరు 1 నుంచి అమల్లో ఉంది, భారత్ అందులో లేదు. అయినా ఒప్పందానికి బహ్రెయిన్ చట్టం ఎంచుకుంటే, వద్దని విడిగా రాయకపోతే ఆ ఒడంబడిక కూడా వెంట వస్తుంది. దాని 79వ అధికరణం అనుకోని అడ్డంకి వచ్చినవాడికి నష్టపరిహారం నుంచి మినహాయింపునిస్తుంది. కానీ అనుమతి రాకపోవచ్చని మొదటే తెలుసు కదా, అది అనుకోని అడ్డంకి ఎలా అవుతుంది? ఈ చిక్కు తెలిసినవాడు దాన్ని అనివార్య పరిస్థితుల (ఫోర్స్ మెజ్యూర్) నిబంధనల్లో ఇరికించడు. అనుమతి అందాకే సరఫరా బాధ్యత పుడుతుందని షరతుగా రాస్తాడు. దరఖాస్తు ఎవరు పెట్టాలి, గడువెంత, రాకపోతే అడ్వాన్సు ఎన్నాళ్లకు వాపసు, వచ్చాక రద్దయితే ఎలా అన్నవి ఆ షరతుకు బిగించిన మరలు.

కొనేవాడు సరుకును దేనికి వాడతాడో చెప్పే తుది వాడకం పత్రంపై సంతకం చేస్తాడు; ఇంకొకరికి అమ్మనని మాటిస్తాడు. ఎగుమతి నియంత్రణలో బదిలీ అంటే పెట్టె ఓడెక్కడమే కాదు. బహ్రెయిన్ రాజధాని మనామాకు ఈమెయిల్లో వెళ్లిన సాంకేతిక నక్షా, అక్కడినుంచి ఇక్కడి సర్వర్‌లోకి తెరిచిన లాగిన్ కూడా లెక్కలోకి రావచ్చు. కెమెరాలో అమెరికా సెన్సార్ ఉంటే ఆ దేశపు పునరెగుమతి నిబంధనలూ దాని వెంటే రావచ్చు.

తగువు వస్తే 2009 చట్టంతో ఏర్పడిన బహ్రెయిన్ వివాద పరిష్కార చాంబర్ ఉంది. విదేశీ మధ్యవర్తిత్వ తీర్పులను అమలు చేయించే న్యూయార్క్ ఒడంబడికలో బహ్రెయిన్ 1988 నుంచి ఉంది. కానీ మధ్యవర్తి ఎంత గొప్పవాడైనా రాని అనుమతిని తెప్పించలేడు. ఇలాంటి సరుకు పంపబోయేవారు ధర మాట్లాడేముందే స్కోమెట్ జాబితా తెరిచి చూసుకోండి.