సంతకము పైననా, క్రిందనా?

ఆన్‌లైన్ క్విజ్‌లలోను, ఇంటర్నెట్టు ద్వారా నింపు ఫారములలోను మొట్టమొదటనే ఒక ప్రతిజ్ఞ కనబడుట నేడు పరిపాటి. "నేను వ్రాయునదంతయు నిజము" అని ఒప్పుకొనిన పిదపగాని ప్రశ్నలు తెరచుకొనవు. ప్రమాణమును చివర గాక మొదటనే చేయించినచో అబద్ధములు తగ్గునను నమ్మకమునకు బలము చేకూర్చిన పరిశోధన యొకటి కలదు. దాని కథను ఉపాధ్యాయులును, విద్యార్థులును తెలిసికొనుట మంచిది.

2012లో ఐదుగురు పండితులు అమెరికా జాతీయ సైన్సు అకాడమీ పత్రికలో ఒక వ్యాసమును ప్రకటించిరి. అందలి ప్రయోగములలో ప్రసిద్ధికెక్కినది ఒక మోటారు బీమా కంపెనీకి సంబంధించినది. కారు ఎన్ని మైళ్లు తిరిగినదో యజమాని మీటరు చూచి ఫారములో వ్రాయవలెను. ఎక్కువ తిరిగిన కారుకు బీమా రుసుము ఎక్కువ. కనుక తగ్గించి వ్రాయవలెనను ఆశ కలుగును. కొందరికి సంతకపు గడిని ఫారము పైభాగమునను, కొందరికి క్రిందిభాగమునను ఉంచిరి. 13,488 పాలసీల లెక్కలను పోల్చగా, పైన సంతకము చేసినవారు ఒక్కొక్క కారుకు సగటున సుమారు 2,400 మైళ్లు ఎక్కువ చూపినట్లు తేలెను. అనగా వారు నిజమునకు దగ్గరగా వ్రాసిరని రచయితల భావము. కానీ ఖర్చులేని మందు!

2020లో ఆ పండితులే మరికొందరితో కలిసి క్రొత్త ప్రయోగములు చేసి, సంతకము చోటు మార్చినందువలన ఫలితమేమియు లేదని అదే పత్రికలో తెలిపిరి. పాత అంకెలను కూడ అందరికిని అందుబాటులో నుంచిరి. ఈ రెండు పనులును మెచ్చదగినవి. ఆ అంకెలను 2021 ఆగస్టులో ఇతర పరిశోధకులు పరీక్షింపగా గుట్టు బయటపడెను.

వారి పరీక్ష హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. మొదటి రీడింగును రెండవదానినుండి తీసివేసినచో కారు నడచిన దూరము వచ్చును. లోకములో బొత్తిగా కదలని కార్లు కొన్ని, విపరీతముగా తిరుగునవి కొన్ని, నడుమ నుండునవి అనేకము. గ్రాఫు గుట్టవలె లేచి వాలవలెను. ఇచ్చట అది బల్లపరుపుగా నుండెను. సున్న మొదలు 50,000 మైళ్లవరకు ప్రతి భాగమునను దాదాపు సమానముగా కార్లున్నవి. 50,000 దాటినది ఒక్కటియు లేదు. పాచికలు వేసిన అట్లు వచ్చును గాని కార్లు నడిపిన రాదు. మరియొక చిహ్నము: మనుష్యులలో కొందరు 36,482 అని వ్రాయుటకు బద్ధకించి 36,500 అని వ్రాయుదురు. మొదటి రీడింగులలో ఈ అలవాటు జాడ కలదు. రెండవ రీడింగులలో లేదు. ఆ అంకెలు కల్పితములని తేలగా, 2021 సెప్టెంబరులో పత్రిక వ్యాసమును ఉపసంహరించుకొనెను.

ఈ వ్యాసమును తొలుత చదివినవారిపై కూడ తప్పు లేకపోలేదు. చీట్లు వేసి విభజించిన రెండు జట్లు ఆరంభమున ఇంచుమించు సమానముగా నుండవలెను. ఇచ్చట సంతకమునకు పూర్వమే వాని మీటర్ల సగటులో సుమారు 15,000 మైళ్ల భేదమున్నది. అంత భేదమును ప్రక్కనబెట్టి 2,400 మైళ్లను మెచ్చుకొనుట తొందరపాటు.

ఇంకొక సంగతి ముఖ్యము. అంకెలు మోసము జరిగినదని చూపినవి. ఎవరు చేసిరో చూపలేదు. తరగతిలోను ఇంతే. క్విజ్‌లో ఇద్దరి ఒప్పులు కలియుట వింత కాదు. తప్పులు కలిసిన అనుమానము పుట్టును. నాలుగేసి జవాబులున్న ఐదు ప్రశ్నలను ఇద్దరును తప్పిరనుకొందము. మూడు తప్పు జవాబులును సమానముగా ఆకర్షించునవైనచో, ఐదింటను ఒకే తప్పు గుర్తించు అవకాశము 243లో ఒకటి. కాని 40 మంది తరగతిలో 780 జంటలు కలవు. అందరును ఆ ఐదింటిని తప్పినచో, చూచివ్రాత లేకయే మూడు జంటలు కలియవచ్చును. పైగా బరువైన రాయి ముందు పడునను భ్రమ అనేకులకు కలదు. అట్టి ప్రశ్నలలో తప్పులు కలియక మానవు. ఇంతమాత్రమున ఒక పిల్లవానిని దొంగయని నిలబెట్టుట అన్యాయము.

ప్రతిజ్ఞ చేయించుటలో దోషము లేదు. దానినే నమ్మి కూర్చుండుట దోషము. ప్రశ్నల వరుస మార్చుట, లెక్కలలో ఒక్కొక్కరికి వేరువేరు అంకెలిచ్చుట, అందరును ముగించువరకు జవాబులు వెల్లడింపకుండుట — వీనివలన చూచివ్రాతకు లాభము తగ్గును. అనుమానము కలిగినచో, శిక్షకు ముందు ఆ విద్యార్థిని పిలిచి "ఈ జవాబు ఎట్లు వచ్చినది?" అని అడుగవలెను.

ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగము చేయింతురు గాక. ఇంటినుండి బడికి ఎన్ని నిమిషములు పట్టునో పిల్లలందరిచేతను వ్రాయించి, చివరి అంకెలను లెక్కింపుడు. సున్నలును ఐదులును ఎక్కువగా కనబడును. వారిలో ఎవరును అబద్ధమాడలేదు. మనుష్యులు వ్రాసిన అంకెలు అట్లే ఉండును.