గోరు తగలని మేజోడు, నీరు తగలని పట్టు

పట్టుచీరను ఎలా దాచుకోవాలో తెలుగు ఇళ్లలో ఎవరికీ నేర్పనక్కర్లేదు. ధర్మవరమైనా, ఉప్పాడైనా, గద్వాలైనా బీరువాలో దాని అర వేరు, మడత వేరు. పాశ్చాత్య దేశాల్లో ఇంత జాగ్రత్తనూ అడిగే బట్ట మరొకటి ఉంది. కాళ్లను అంటిపెట్టుకుని ఉండే పలచని మేజోళ్లు అవి. నడుము దాకా వచ్చే వాటిని ఇప్పుడు అందరూ టైట్స్ అంటున్నారు. చీర పెళ్లిళ్లకూ వ్రతాలకూ బయటికి వస్తుంది. టైట్స్ మాత్రం చలికాలం పొడుగునా రోజూ ఉద్యోగానికి వెళ్తాయి. చీరను రెండు చేతులా పట్టుకోవాలి. టైట్స్ గుప్పిట్లో ఇమిడిపోతాయి. అయినా ఈ రెండింటినీ ఉతికి, ఆరబెట్టి, దాచే పద్ధతులను పక్కపక్కన పెట్టి చూస్తే, రెండూ ఒకే సమస్యకు దొరికిన రెండు జవాబులని తెలుస్తుంది. సన్నని పోగును చెడకుండా నిలుపుకోవడమే ఆ సమస్య.

ఈ బంధుత్వం కల్పించి చెప్పేది కాదు. నైలాన్ రాకముందు యూరప్, అమెరికా స్త్రీలు కోరుకున్న మేలైన మేజోళ్లు పట్టువే. అమెరికా అందుకు కావలసిన పట్టును ఎక్కువగా జపాన్ నుంచి తెప్పించుకునేది. ఆ పట్టు స్థానంలోకే నైలాన్ వచ్చింది. డ్యూపాంట్ కంపెనీలో వాలెస్ కరోథర్స్ బృందం దాన్ని 1935లో తయారుచేసింది. 1940 మే 15న నైలాన్ మేజోళ్లు అమెరికా అంతటా అమ్మకానికి వచ్చాయి. యుద్ధం వచ్చి నైలాన్ పారాచూట్లకు తరలిపోయింది. యుద్ధం ముగిశాక 1945-46లో మళ్లీ మేజోళ్లు వచ్చినప్పుడు అమెరికా నగరాల్లో దుకాణాల ముందు జనం బారులు తీరి తోసుకున్నారు. రసాయనికంగానూ ఇవి దగ్గరివే: పట్టులోని ప్రోటీన్‌లోనూ, నైలాన్‌లోనూ అణువులను గొలుసుగా కలిపేది అమైడ్ బంధమే. అలాగే కొలమానమూ ఒకటే. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పట్టుగూళ్ల నుంచి తీసే దారాన్నీ, షాపులో టైట్స్ పొట్లాన్నీ ఈ లెక్కతోనే గుర్తిస్తారు. చర్మం కనబడేంత పలచని టైట్స్ 15 డెనియర్లు ఉంటే, ముడిపట్టు దారం మామూలుగా 20-22 డెనియర్లు ఉంటుంది.

తేడా అంతా నిర్మాణంలో ఉంది. చీర నేత, పడుగూ పేకా ఒకదాని మీదుగా ఒకటి దాటుతూ పట్టుకుని ఉంటాయి. ఒక పోగు తెగితే ఆ చోట చిన్న లోపం కనిపిస్తుంది తప్ప, పక్క పోగులు వాటి పట్టు వదలవు. టైట్స్ అయితే అల్లిక; ఒక లూపులోంచి ఇంకో లూపు లాగి, వరస మీద వరస పేరుస్తారు. ఒక్క లూపు తెగిందా, దాని ఆధారంతో నిలిచినవన్నీ జారిపోయి కాలి పొడవునా చాలు తేలుతుంది. అయితే ఆ లూపుల వల్లనే అది మోకాలు వంచినా సాగుతుంది, వదిలేస్తే మళ్లీ దగ్గరకు వస్తుంది. నేత స్థిరత్వాన్ని ఎంచుకుంది, అల్లిక సాగే గుణాన్ని ఎంచుకుంది. రెండూ గొప్ప ఎంపికలే. జాగ్రత్తలు కూడా ఆ ఎంపికల నుంచే పుట్టాయి. పట్టుచీర శత్రువు నీరు, టైట్స్ శత్రువు గోరు.

నీటి పట్ల మన భయానికి బలమైన కారణాలున్నాయి. తెలుపు మీద ఎరుపు నేసిన పోచంపల్లి పట్టు తడిస్తే ఎరుపు పక్కకు పాకవచ్చు. నూలు చీరకు పట్టు అంచు కలిపిన గద్వాలలో రెండు దారాలూ తడికి వేరువేరుగా ముడుచుకుంటాయి. పట్టు మీద నీటి చుక్క ఆరిన చోట మచ్చ మిగులుతుంది. అందుకే కట్టి విప్పిన చీరను మన పెద్దవాళ్లు ముందు నీడలో గాలికి ఆరేస్తారు. ఉతకడం ఎప్పుడో గాని జరగదు.

టైట్స్ సంప్రదాయం ఇందుకు పూర్తిగా ఎదురు. అక్కడ తొడిగిన ప్రతిసారీ ఉతకడమే ధర్మం. ఎందుకంటే వాటికి సాగే గుణమిచ్చే ఎలాస్టేన్‌ను చెమటా చర్మపు జిడ్డూ బలహీనపరుస్తాయి. నీళ్లలో జాడిస్తే లూపులు మళ్లీ సర్దుకుంటాయి. కనుక పడుకునే ముందు వాష్‌బేసిన్‌లో మేజోళ్లు జాడించుకోవడం పాశ్చాత్య స్త్రీల దినచర్యలో భాగమైంది. తిరగేసి, చల్లటి నీళ్లలో తేలిక సబ్బుతో వేళ్ల కొసలతో నొక్కి, మెత్తటి తువ్వాలులో చుట్టి నీళ్లు పీల్పించి, ఎండకూ వేడికీ దూరంగా పరుస్తారు. ముందు ఉంగరాలు తీసేస్తారు, గరుకు గోళ్లు సరిచేసుకుంటారు. మెషీన్‌లో వేయాల్సి వస్తే వల సంచిలో పెట్టి, హుక్కులూ జిప్పులూ ఉన్న బట్టలకు దూరంగా ఉంచుతారు.

ఇంత దూరం నుంచి వచ్చిన ఈ రెండు సంప్రదాయాలూ ఒక చోట మాత్రం ఒకే మాట చెబుతాయి: మెలిపెట్టి పిండవద్దు. దీనికి కారణం పోగులోనే ఉంది. నూలు తడిస్తే బలం పెరుగుతుంది. పట్టు, నైలాన్ తడిస్తే వాటి బలం తగ్గుతుంది. చాకిరేవు బండ మీద పంచె బతికి బట్టకట్టడానికీ, పట్టుచీర ఆ బండ దగ్గరికే వెళ్లకపోవడానికీ ఇదే మూలం. ప్రయోగశాలలు కొలిచి చెప్పకముందే చేతులు ఈ సంగతి కనిపెట్టాయి.

సబ్బు దగ్గర మళ్లీ దారులు చీలుతాయి, మళ్లీ కలుస్తాయి. పట్టు ప్రోటీన్ కాబట్టి క్షారం దాన్ని కొరుకుతుంది. ప్రోటీన్ మరకలను తినే ఎంజైములున్న డిటర్జెంట్ పట్టునూ తింటుంది. నైలాన్‌కు ఆ ఎంజైముల భయం లేదు. అయితే క్లోరిన్ బ్లీచ్ పట్టుకూ ఎలాస్టేన్‌కూ ఒకేలా చేటు. మన ఇళ్లలో మృదువైన సబ్బు అవసరాన్ని కుంకుడు రసం తీర్చింది. అమెరికాలో అదే అవసరాన్ని లక్స్ సబ్బు రేకులు తీర్చాయి. లీవర్ బ్రదర్స్ 1900 నుంచి ఆ పేరుతో అమ్మిన రేకులు అవి, సున్నితమైన బట్టలకోసం. పట్టు మేజోళ్లను తొడిగిన ప్రతిసారీ అందులో జాడించమని 1920లు, 30లలో ప్రకటనలు హోరెత్తించాయి. 1941లో సినీ నటి లీలా చిట్నిస్ మొహంతో మన పత్రికల్లోకి వచ్చిన లక్స్ ఒంటి సబ్బు ఆ ఇంటిదే.

కాలం విషయంలో ఈ రెండు సంప్రదాయాల తేడా ఇంకా లోతైనది. చీరను తల్లి కూతురికి ఇస్తుంది. అందుకే పలచని నూలు గుడ్డలో చుట్టి, జరీ నల్లబడకుండా కలరా ఉండలు తగలనివ్వకుండా, కొన్ని నెలలకోసారి మడత మార్చి పెడతారు. ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత వెంబడే పట్టు చిట్లుతుంది. చిరిగితే రఫ్పు చేయిస్తారు, మరీ పాతబడితే పిల్లకు పరికిణీ కుట్టిస్తారు, చివరికి జరీలో వెండి ఉంటే దానికీ కొనేవాళ్లున్నారు. టైట్స్‌కు వారసత్వం లేదు. ఒకప్పుడు మేజోళ్లు ఖరీదైనవి కనుక, జారిన లూపులను సన్నని కొక్కెం సూదితో ఒక్కొక్కటిగా ఎత్తి కట్టే మరమ్మతు పని అక్కడా ఉండేది. నైలాన్ చవకయ్యాక ఆ పని దాదాపు అంతరించింది. నైలాన్ మాత్రం మట్టిలో త్వరగా కరగదు. ఒక సాయంత్రం లూపు జారి చెత్తబుట్టలో పడిన జత ఏళ్ల తరబడి భూమ్మీద ఉంటుంది.

ఈ రెండింటిలో ఒకటి మేలని తేల్చడం నాకు ఇష్టం లేదు. కానీ ఒకటి రెండోదాని నుంచి తీసుకోవలసింది ఉందని మాత్రం గట్టిగా నమ్ముతాను. చెమట ఉప్పు పట్టును కూడా తింటుంది. చంకల దగ్గర ముందుగా చిట్లే జాకెట్టే అందుకు సాక్ష్యం. నీటి భయంతో చెమటతోనే బీరువాలోకి చేర్చడం గౌరవం కాదు. మురికి నిలవ ఉండనివ్వకూడదన్న సూత్రం మేజోళ్ల సంప్రదాయం నుంచి మనం తెచ్చుకోవాలి: రంగు దిగని పట్టు జాకెట్టును చల్లటి నీళ్లలో కుంకుడు రసంతో జాడించవచ్చు, జరీ ఉన్నదాన్ని చెమట ఆరగానే డ్రైవాష్‌కు పంపవచ్చు. అలాగే టైట్స్ తొడిగేవాళ్లు, చలిదేశాల్లో కుర్తీ కింద వాటిని తొడిగే మన అమ్మాయిలతో సహా, మన నుంచి మన్నిక మీద పట్టుదలను తీసుకోవాలి. తక్కువ డెనియర్ జతలు పది కొనే డబ్బుతో దట్టమైనవి రెండు కొనుక్కుని, వాటికి విశ్రాంతినిస్తూ వాడుకోవచ్చు.

ఈ జ్ఞానం ఇప్పుడు మన ఊళ్లకూ అవసరమే. గంటల తరబడి నిలబడే టీచర్లకూ, ట్రాఫిక్ పోలీసులకూ వేరికోస్ వెయిన్స్ వస్తే డాక్టర్లు బిగుతు మేజోళ్లు రాస్తారు. వాటిని పట్టుబట్టలా ఉతక్కుండా అపురూపంగా దాచితే బిగువు తగ్గుతుంది. రోజూ జాడిస్తే ఆ బిగువు నిలుస్తుంది. ఏ బట్టకు ఏ జాగ్రత్త తగునో తెలియాలంటే దాని పోగు ఎక్కడ బలహీనమో ముందు తెలియాలి. ఈ రెండు సంప్రదాయాలూ వేరువేరు దారుల్లో చేరుకున్న నిర్ణయం ఇదే.